కలెక్టరాఫీసు డౌన్‌లో ఉత్తరాలు రాసిపెట్టే షాపు: నా ఉత్తరంలోంచి తీసేసిన ఒక్క మాట

మాది విశాఖపట్నం సీతమ్మధారలో ఐదంతస్తుల అపార్టుమెంటు. ఇరవై ఫ్లాట్లు, ఒక్కటే లిఫ్టు. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. "టీచరు గారైతే ఉత్తరాలు బాగా రాస్తారు" అని అందరూ కలిసి నన్ను అసోసియేషన్ సెక్రటరీని చేశారు. తెలుగులో రాయడానికి నాకు ఇబ్బంది లేదు. కానీ లిఫ్టు కంపెనీకి ఇంగ్లీషులో రాయాలి. అక్కడ పడిన చిక్కునీ, దాన్ని విడదీసిన షాపునీ గురించి ఈ రివ్యూ.

షాపుకి పేరంటూ లేదు. కలెక్టరాఫీసు డౌన్‌లో, అంటే ఆఫీసు నుంచి కిందికి దిగే రోడ్డులో, జెరాక్స్ షాపుల వరసలో ఉంటుంది. "ఇంగ్లీషు, తెలుగు ఉత్తరములు, అర్జీలు, తర్జుమా" అని అట్టముక్క మీద చేత్తో రాసి తలుపుకి కట్టారు. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఫారాల్లో ఖాళీలు నింపడానికి ఇప్పటికీ వాడుతున్న పాత టైపు మిషను, వచ్చినవాళ్ళకి రెండు ప్లాస్టిక్ కుర్చీలు. నడిపేది కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరైన పెద్దాయన. అందరూ మాస్టారూ అంటారు. నేనూ అలాగే పిలిచాను.

అసలు అక్కడికి ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో చెబుతాను.

మొన్న జూన్‌లో మా లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఆగిపోయింది. ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చి చూసి, ఏదో కార్డు పోయింది, తెప్పించాలి అన్నాడు. రోజులు గడిచాయి. మా మూడో అంతస్తులో ఒక మామ్మగారున్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. లిఫ్టు లేకపోతే ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు కూలీలు మెట్ల మీదుగా దింపి మళ్ళీ ఎక్కించాలి. ట్రిప్పుకి నాలుగు వందలు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుని దిగుతుంటే చూడలేకపోయాను. పదకొండు రోజులు అలా గడిచాక నాకు బాగా కోపం వచ్చింది. ఎదురింటి అబ్బాయిని పిలిచి, నేను చెబుతుంటే ఇంగ్లీషులో టైపు చేయించాను. "రెండు రోజుల్లో బాగు చేయకపోతే తర్వాత జరిగేదానికి మీదే పూచీ" అన్నది నా మనసులో మాట. వాడు దాన్ని "యు విల్ హావ్ టు ఫేస్ సీరియస్ కాన్సిక్వెన్సెస్" అని కొట్టాడు. చదివి, బాగానే ఉందనుకున్నాను. పేపర్లోనూ రోజూ చూసే మాటే కదా. సంతకం పెట్టి కంపెనీ వాట్సాప్‌కి పంపాను.

మెకానిక్ రాలేదు. నాలుగో రోజున వాళ్ళ లాయరు నుంచి జవాబు వచ్చింది. మీ ఉత్తరం బెదిరింపు ధోరణిలో ఉంది, మా సిబ్బంది భద్రత మాకు ముఖ్యం, మీరు ఆ మాటలు వెనక్కి తీసుకునేదాకా మనుషుల్ని పంపడం కుదరదు అని దాని సారాంశం. మెకానిక్ అబ్బాయి విడిగా ఫోన్ చేసి, "అమ్మా, పై ఆఫీసులో మీ లెటర్ చూపించారండి. ఆ అపార్టుమెంటుకి వెళ్తే గొడవవుతుందేమో, వెళ్ళొద్దన్నారు" అని చెప్పాడు. ఉత్తరం పంపినప్పటి నుంచి అలా తొమ్మిది రోజులు పోయాయి. మామ్మగారి కుర్చీ ప్రయాణాలు ఇంకో నాలుగు పెరిగాయి. నా ఉత్తరం వల్ల. ఆ తొమ్మిది రోజులూ నాకు సరిగా నిద్ర లేదు.

మా మేనల్లుడు ఈ షాపు సంగతి చెప్పాడు. వాడి పాస్‌పోర్టు కాగితాల్లో తండ్రి పేరు తేడా వస్తే మాస్టారే అఫిడవిట్ రాసిపెట్టారట. ఆటోలో జగదాంబ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఎండలో నడిచి పదకొండింటికి చేరాను. నాకంటే ముందు ఇద్దరున్నారు. గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నర వృథా పోలేదు, ఎందుకో తర్వాత చెబుతాను.

నా వంతు వచ్చాక, కొత్త ఉత్తరం రాయాలి అన్నాను. ఆయన కంప్యూటరు వైపు తిరగనే లేదు. "ముందు కాంట్రాక్టు కాగితం తెచ్చారా, అమ్మా?" అన్నారు. తేలేదు. ఫోన్లో ఫొటో ఉంటే చూపించమన్నారు. పాత సెక్రటరీ గారికి ఫోన్ చేసి తెప్పించాను. ఆరు పేజీలు. అక్షరాలు ఆవగింజలంత. ఆయన ఫోన్లో పెద్దవి చేసుకుంటూ ఆరు పేజీలూ చదివారు. తర్వాత నా పాత ఉత్తరం, లాయరు జవాబు చదివారు. చదివి ఒకే ప్రశ్న అడిగారు.

"టీచరు గారూ, మీ ఉత్తరం అందుకున్నాయన అది చదివిన మరు నిమిషంలో ఏం చేయాలని మీ కోరిక?"

లిఫ్టు తిప్పాలి అన్నాను.

"ఏం చేశాడు?"

లాయరుకి ఫోన్ చేశాడు.

"మీ ఉత్తరంలో అతను చదివిన మాట అదొక్కటే, అందుకే" అంటూ నా ఉత్తరంలో కాన్సిక్వెన్సెస్ అన్న మాట కింద పెన్సిలుతో గీత గీశారు.

నేను తెలుగు పండితురాలిని. మాటల గురించి ఎవరైనా చెబుతుంటే వినడం నాకిష్టం. ఆయన చెప్పింది నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చాక నోట్సులో రాసిపెట్టుకున్నాను.

ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. కాన్ అంటే కలిసి, సీక్వి అంటే వెంట రావడం. ఒకదాని వెన్నంటి వచ్చేదే కాన్సిక్వెన్స్. మూలంలో అందులో మంచీ లేదు, చెడూ లేదు. సీక్వెన్స్, సీక్వెల్, సబ్‌సీక్వెంట్, ఇవన్నీ ఆ కుటుంబానివే. ఇది వినగానే నా మనసు సంస్కృతం వైపు పోయింది. మనకి "సచ్" అని ధాతువుంది, వెంట ఉండడం, కూడి ఉండడం అని అర్థం. దాన్నుంచే సచివుడు, అంటే రాజుని వెన్నంటి ఉండే సహచరుడు, మంత్రి. ఆ లాటిన్ ధాతువూ ఈ సంస్కృత ధాతువూ ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రం చెబుతుంది. మనం సచివాలయం అంటామే, ఆ మాటకీ నన్ను ఇంత తిప్పలు పెట్టిన మాటకీ చుట్టరికం ఉందన్నమాట. మాస్టారికి చెబితే చాలా సంతోషించి, ఆయన కూడా రాసుకున్నారు.

మరి మంచీ చెడూ లేని మాటకి ఆ కోపం ఎక్కడిది? ఆయన చెప్పినదాన్ని బట్టి, తోడొచ్చే మాటల వల్ల. ఏకవచనంలో, "యాజ్ ఎ కాన్సిక్వెన్స్" అంటే "అందువల్ల" అంతే. బహువచనం చేసి, ముందు "ఫేస్" అన్న క్రియ పెడితే చాలు, అది శిక్ష అవుతుంది. ఇంగ్లీషులో బహుమతిని ఎవరూ ఫేస్ చేయరు. పైగా ఆ శిక్ష ఏమిటో చెప్పలేదు. కోర్టుకి వెళ్తారా, డబ్బు ఆపుతారా, నలుగురు వచ్చి ఆఫీసు అద్దాలు పగలగొడతారా? చెప్పనప్పుడు చదివేవాడు వాటిలో అన్నిటికంటే చెడ్డదే ఊహించుకుంటాడు. "మీరు అద్దాలు పగలగొట్టే మనిషి కాదని మిమ్మల్ని చూస్తే తెలుస్తుందమ్మా. ఉత్తరానికి మీ మొహం లేదు కదా" అన్నారు.

తెలుగులో కూడా ఇలాగే ఉంది, నేను గమనించలేదు. పరిణామం అంటే ఒకటి మరొకటిగా మారడం. పాలు పెరుగు కావడం పరిణామం. డార్విన్ చెప్పింది జీవపరిణామం. అదే "తీవ్ర పరిణామాలు ఎదుర్కోవలసి వస్తుంది" అంటే బెదిరింపు. ఇక్కడా బహువచనమే, ఇక్కడా "ఎదుర్కోవడమే". "తాజా పరిణామాలు" అని వార్తల్లో అంటే మళ్ళీ ఏ కోపమూ ఉండదు. పక్కనున్న మాటే దాని రంగు మారుస్తోంది. (పిల్లలు పరీక్షల్లో పరిణామానికీ పరిమాణానికీ తేడా తెలియక రాసేవాళ్ళు. ఆ తేడా చెబుతూనే నా సర్వీసు సగం గడిచింది. ఈ తేడా మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.) ఫలితం అన్న మాటలో పండు ఉంది, అందుకే అది తియ్యగానో కనీసం మామూలుగానో వినిపిస్తుంది. పదో తరగతి ఫలితాలు అంటాం, పదో తరగతి పర్యవసానాలు అనం. ఇంగ్లీషులోనూ ఎగ్జామ్ రిజల్ట్సే. పర్యవసానం అంటే ముగింపు. కథ ఎక్కడికి పోయి తేలిందో చెప్పే మాట. కాన్సిక్వెన్స్‌కి దగ్గరగా వచ్చేది అదే అనుకుంటాను.

అయితే మనవాళ్ళు నోటితో మాట్లాడేటప్పుడు వీటిలో ఏదీ వాడరు. "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి" అంటారు. "చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అంటారు. మా అమ్మ అయితే "ఆనక నన్ననొద్దు" అనేది. ఇది ఇంగ్లీషులో ఎలా అని మాస్టారిని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మీ అమ్మగారి మాటలో బెదిరింపు లేదమ్మా, హెచ్చరిక ఉంది. ఏం జరగబోతుందో మీకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. నిప్పు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకే పేరు పెట్టి చెప్పక్కర్లేదు. కంపెనీవాడికి మీరెవరో తెలీదు. వాడికి పేరు పెట్టి చెప్పాలి" అన్నారు.

అలా పేరు పెట్టి రాసిన ఉత్తరమే ఈ షాపులో నేను కొనుక్కున్న వస్తువు. పదకొండు లైన్లు. మొదటి లైను, లిఫ్టు ఆగిన తేదీ. రెండోది, కాంట్రాక్టులో ఫిర్యాదు అందిన 24 గంటల్లో మనిషిని పంపాలని ఉన్న నిబంధన, దాని నంబరుతో సహా. తర్వాత, మా పాత ఉత్తరంలో ఒక వాక్యం కోపంలో రాసినది, మీ సిబ్బందికి మా దగ్గర ఏ ఇబ్బందీ ఉండదు అని ఒక లైను. ఆ లైను రాయడానికి నేను ముందు ఒప్పుకోలేదు. తప్పు వాళ్ళదైతే నేనెందుకు తగ్గాలి అన్నాను. "మీరు వాళ్ళకి తగ్గడం లేదు, వాళ్ళ లాయరు చేతిలో ఉన్న సాకు తీసేస్తున్నారు" అన్నారు. ఒప్పుకున్నాను. ఆ తర్వాత, ఏడు రోజుల్లో బాగుకాకపోతే వరసగా మేం చేయబోయేవి మూడు: లిఫ్టు ఆగిన రోజులకి లెక్కగట్టి వార్షిక రుసుములో తగ్గించమని అడగడం, కాంట్రాక్టు ప్రకారం నెల రోజుల నోటీసిచ్చి రద్దు చేయడం, సేవాలోపం కింద ఫిర్యాదు చేయడం. వినియోగదారుల ఫోరం అని మనం ఇప్పటికీ అంటున్నాం కానీ 2019 చట్టం వచ్చాక దాని పేరు కమిషన్ అని ఆయన సరిదిద్దారు. చివర, మూడో అంతస్తులో డయాలసిస్ పేషెంటు ఉన్నారన్న సంగతి, జాలి మాటలేవీ లేకుండా, ఒక్క వాక్యం. ఉత్తరం మొత్తంలో కాన్సిక్వెన్సెస్ అన్న మాట ఎక్కడా లేదు. కానీ చదివితే ఉన్నదంతా అదే.

ఇక ఖర్చుల సంగతి. కూలీలకి అప్పటికే ఎనిమిది ట్రిప్పులకి మూడువేల రెండు వందలయ్యాయి. ఐదో అంతస్తు ఫ్లాటుకి అద్దెకి రావాల్సినవాళ్ళు లిఫ్టు లేదని వెనక్కి పోయారు. ఇవన్నీ కంపెనీ నుంచి రాబట్టాలని నేను చీటీ రాసుకుని వెళ్ళాను. అప్పుడాయన కాంట్రాక్టు ఐదో పేజీలో ఒక వాక్యం చూపించారు. పరోక్ష నష్టాలకీ, కాన్సిక్వెన్షియల్, అంటే వెన్నంటి వచ్చే నష్టాలకీ కంపెనీ బాధ్యత వహించదని రాసుంది. ఆ మాట అక్కడా ఉంది! మనం వాళ్ళ మీదకి విసిరిన మాటకి వాళ్ళు ముందే గొడుగు పట్టుకుని కూర్చున్నారు.

దీని గురించి ఆయన ఒక పాత ఇంగ్లండు కేసు చెప్పారు. 1854 నాటిది, హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్. గ్లాస్టర్ అనే ఊళ్ళో ఒక మిల్లు. ఆవిరి యంత్రం క్రాంకు షాఫ్టు విరిగింది. కొత్తది చేయాలంటే విరిగినదాన్ని నమూనాగా గ్రీనిచ్‌కి పంపాలి. మోసుకెళ్ళేవాళ్ళు ఆలస్యం చేశారు. అన్ని రోజులూ మిల్లు ఆగిపోయింది. పోయిన లాభం ఇవ్వమని మిల్లువాళ్ళు దావా వేశారు. కోర్టు ఇవ్వనక్కర్లేదంది. మామూలుగా ఏ ఆలస్యానికైనా వచ్చే నష్టమో, లేకపోతే ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టమో అయితేనే అడగొచ్చు. ఆ ఒక్క షాఫ్టు మీదే మిల్లంతా ఆధారపడిందన్న సంగతి మోసేవాళ్ళకి ముందు తెలిసినట్టు కోర్టు భావించలేదు. మన కాంట్రాక్టు చట్టం, 1872 నాటిది, అందులో 73వ సెక్షన్ ఇదే దారిలో నడుస్తుంది. దూరపు నష్టానికీ, పరోక్ష నష్టానికీ పరిహారం లేదని అందులో స్పష్టంగా ఉంది. "అనకాపల్లిలో బెల్లం వండేవాడి ఇంజను బెల్టు బాగుకి ఇచ్చాడనుకోండి. బాగుచేసేవాడు నాలుగు రోజులు ఆలస్యం చేస్తే, ఆ నాలుగు రోజుల బెల్లం డబ్బు వాడు కట్టాలా? ఇచ్చేటప్పుడే, అయ్యా ఇదొక్కటే బెల్టు, ఇది లేకపోతే పొయ్యి వెలగదు అని చెప్పి రాయించుకుంటే సంగతి వేరు" అన్నారు. నేను లాయర్ని కాదు, దీని మీద గట్టిగా పోరాడాలంటే లాయరు దగ్గరికి వెళ్ళండి అని కూడా అన్నారు. నాకది నచ్చింది. తనకు తెలిసినది ఎక్కడ ఆగుతుందో చెప్పే మనిషి.

ఇది వింటుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకినప్పుడు వాడికి చిన్న ఐస్‌క్రీమ్ పార్లర్ ఉండేది. రేకులు లేచిపోయాయి, ఫ్రీజర్లు తడిసిపోయాయి. ఇన్సూరెన్సు వాళ్ళు రేకులకీ ఫ్రీజర్లకీ ఇచ్చారు. రోజుల తరబడి కరెంటు లేక, షాపు తెరవలేక పోగొట్టుకున్న వ్యాపారానికి ఏమీ ఇవ్వలేదు. అది కాన్సిక్వెన్షియల్ లాస్, దానికి పాలసీ వేరే తీసుకోవాలి అన్నారట. మమ్మల్ని మోసం చేశారని వాడు ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాడు, నేనూ అనుకున్నాను. అలాంటి పాలసీ నిజంగానే విడిగా ఉంటుందని మాస్టారు చెప్పారు. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "అప్పుడే ఒక్కరు ఇలా విడమరిచి చెప్పి ఉంటే బాగుండేది అక్కా" అన్నాడు.

ఇప్పుడు నేను కూర్చున్న ఆ గంటన్నర గురించి. నా ముందు ఒక ముసలాయన, బహుశా అరవై ఐదేళ్ళుంటాయి, ప్లాస్టిక్ కవర్లో మడతలు పడిన కాగితం తెచ్చుకున్నారు. ఉద్యోగంలోంచి ఎప్పుడో తీసేస్తే కోర్టులో ఏళ్ళ తరబడి నడిచి, చివరికి ఆర్డరు వచ్చింది. అందులో "విత్ ఆల్ కాన్సిక్వెన్షియల్ బెనిఫిట్స్" అని ఉంది. ఆయనకి ఆ మాట ఎవరో "తర్వాత పరిణామాలకి లోబడి" అని చెప్పారట. మళ్ళీ ఏదో మెలిక పెట్టారని భయపడి వచ్చారు. మాస్టారు కాగితం చదివి, కళ్ళజోడు తీసి, నెమ్మదిగా చెప్పారు. మిమ్మల్ని తీసేయడం తప్పని తేలింది కాబట్టి, తీసేయకపోతే మీకు ఏమేం వచ్చేవో అవన్నీ వెన్నంటి రావాలి అని దాని అర్థం. జీతం బకాయిలు, ఇంక్రిమెంట్లు, సీనియారిటీ, దాన్ని బట్టి పెన్షన్. ఏది ఎంతన్నది ఆఫీసు లెక్క వేస్తుంది, దానికి అర్జీ రాద్దాం అన్నారు. ఆయన ఏమీ మాట్లాడలేదు. కండువాతో మొహం తుడుచుకున్నారు. నన్ను తొమ్మిది రోజులు నిద్రపోనివ్వని మాట ఆయనకి పోగొట్టుకున్న ఏళ్ళ జీతం తెచ్చిపెడుతోంది.

రెండో మనిషి ఒక కుర్రాడు, ఐటీ ఉద్యోగం. ఋషికొండ వైపు ఆఫీసు. పై అధికారికి పంపిన మెయిల్లో "ది డిలే ఈజ్ ఆఫ్ నో కాన్సిక్వెన్స్" అని రాశాడట. ఆలస్యం వల్ల నష్టమేమీ రాలేదు అని వాడి ఉద్దేశం. ఆ అధికారిణికి "ఆలస్యమా, అదేం పెద్ద లెక్క కాదు" అన్నట్టు వినిపించింది. సంజాయిషీ అడిగారు. ఆ మాటకి ప్రాధాన్యం, ప్రాముఖ్యం అని ఇంకో అర్థం ఉందట. "ఎ మేన్ ఆఫ్ కాన్సిక్వెన్స్" అంటే పలుకుబడి ఉన్న పెద్దమనిషి. వెనకాల నలుగురు నడిచేవాడు కాబట్టి కాబోలు. వాడి సంజాయిషీ మూడే లైన్లలో రాసిచ్చారు, యాభై రూపాయలు తీసుకున్నారు.

ఇక ధరలు. ఇంగ్లీషు ఉత్తరం పేజీకి నూటయాభై, అందులో కాగితాలు చదవడం, రెండు ప్రింట్లు కలిసే ఉన్నాయి. తర్జుమా పేజీకి రెండొందలు. అర్జీ తెలుగులో అయితే వంద. నా పనికి గంట పట్టింది, ఆరు పేజీల కాంట్రాక్టు చదివారు, అయినా నూటయాభయ్యే తీసుకున్నారు. ఫోన్‌పే ఉంది. స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు వచ్చేలా పంపమనీ, వాట్సాప్‌లో పంపినా కాగితం మాత్రం తప్పనిసరిగా పోస్టులో వెళ్ళాలనీ చెప్పారు. కవరు మీద అడ్రసు కూడా ఆయనే టైపు చేశారు.

బాగోలేనివి కూడా చెప్పాలి. కూర్చునే చోటు ఇరుకు, ఫ్యాను ఒకటే, అది ఆయన వైపే తిరిగి ఉంటుంది. విశాఖ ఉక్కపోతలో మధ్యాహ్నం వెళ్తే కష్టం. మంచినీళ్ళు సీసాలో తీసుకెళ్ళండి. ముందుగా టైము ఇవ్వరు, ఫోన్లో పని ఒప్పుకోరు, ఎంతసేపైనా వరసలో కూర్చోవాల్సిందే. పెద్దవాళ్ళకి ఇది ఇబ్బంది. తెలుగు టైపింగు పాత డీటీపీ ఫాంటులో చేస్తారు, ఫోన్లలో చదవగలిగే యూనికోడ్ కాదు. ప్రింటు అందంగానే ఉంటుంది కానీ అదే ఫైలు తెచ్చుకుని ఫోన్లో అతికిస్తే ఏవో పిచ్చి గుర్తులు వస్తాయి. మా అపార్టుమెంటు గ్రూపులో పెట్టడానికి తెలుగు నోటీసు మొత్తం నేను మళ్ళీ టైపు చేసుకున్నాను. ఇది ఆయన మార్చుకుంటే చాలామందికి మేలు. ఉత్తరంలో ఒక తేదీ కూడా తప్పు పడింది, జూన్‌కి బదులు జులై. నేను చూసి చెబితే వెంటనే దిద్దారు. సంతకం పెట్టేముందు ప్రతి అంకె మీరే సరిచూసుకోండి.

ఉత్తరం అందిన మూడో రోజు మెకానిక్ వచ్చాడు, నాలుగో రోజు సాయంత్రానికి లిఫ్టు తిరిగింది. మొత్తం 24 రోజులు ఆగినట్టు లెక్క. ఏడాదికి ముప్పై ఆరు వేలు కడుతున్నాం కాబట్టి 24 రోజులకి 2,367 రూపాయలు అయింది. తర్వాతి బిల్లులో ఆ మొత్తం తగ్గించారు. కూలీల ఖర్చు ఇవ్వలేదు, ఐదో అంతస్తు అద్దె సంగతి మేం అడగనే లేదు. కూలీల డబ్బు ఫ్లాట్లవాళ్ళం పంచుకున్నాం. మామ్మగారి అబ్బాయి వద్దన్నా వినలేదు.

కాంట్రాక్టు మార్చిలో రెన్యూవల్‌కి వస్తుంది. ఈ అపార్టుమెంటులో లిఫ్టు లేకపోతే కదలలేని పేషెంటు ఉన్నారని, ఆ సంగతి కంపెనీకి తెలుసని ఒక వాక్యం ముందే చేర్పించమని మాస్టారు చెప్పారు. ఐదో పేజీలోని ఆ నిబంధన గురించి కూడా సంతకానికి ముందే మాట్లాడుకోవాలట, తర్వాత కుదరదు. ఆ వాక్యం రాయించడానికి ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్తాను.

షాపు ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా, మధ్యలో భోజనానికి గంట మూస్తారు. ఆదివారం సెలవు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు కాబట్టి రద్దీ ఎక్కువ, మంగళవారమో బుధవారమో వెళ్ళండి. మీకు వచ్చిన కాగితాలతో పాటు మీరు ముందు పంపినవి కూడా పట్టుకెళ్ళండి, ఆయన ముందు అడిగేది అవే.

నక్షత్రాలు ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఫాంటు మార్చాక ఇస్తాను.